మూడు పంపులు, ఒకే ఏడుపు

నేను బాగుచేసిన వస్తువులన్నీ మా గ్యారేజీలో ఒక మూల ఉంటాయి. పనిచేసే వస్తువులు ఇంట్లో ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య ఒక తలుపు ఉంది. దాన్ని కూడా ఒకసారి నేనే బాగుచేశాను. అప్పటినుంచి గ్యారేజీలోకి ఇంటి చుట్టూ తిరిగి పోతున్నాం.

తొమ్మిదో తరగతిలో చదువు మానేశాను. తర్వాత కరీంనగర్‌లో మా మేనమామ లారీ మీద క్లీనర్‌గా చేరి, కొన్నేళ్ళకు డ్రైవర్నయ్యాను. ఆ అనుభవంతో నాకు బండ్ల గురించి బాగా తెలుసనే అభిప్రాయం ఒకటి ఏర్పడింది. ఆ అభిప్రాయం ఉన్నది నాకొక్కడికే. లారీ దారిలో ఆగిపోతే మేనమామ నన్ను బకెట్ ఇచ్చి నీళ్ళకు పంపేవాడు. నేను నీళ్ళు తెచ్చేసరికి లారీ బాగయిపోయేది. అందువల్ల నేను చూసిన రిపేర్లలో మొదలూ చివరా బాగా గుర్తున్నాయి. మధ్య భాగమే ఎన్నడూ చూడలేదు.

న్యూజిలాండ్‌కు నా భార్య చదువుకోవడానికి వచ్చింది. ఆమె వీసా మీద నేనూ వచ్చాను, పెట్టెకు కట్టిన తాడులాగ. ఆమె చదివిన పాలిటెక్నిక్ ఇన్వర్‌కార్గిల్‌లో ఉంది. దేశానికి దక్షిణాన చిట్టచివరి ఊరు. దాని కింద సముద్రం, సముద్రం కింద మంచు. ఆ మంచు మీదినుంచి వచ్చే గాలికి దారిలో అడ్డం ఉన్నది మేమే. చదువయ్యాక ఆమె ఒక రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనిలో చేరింది. నేను ఒక బేకరీలో మాంసం కూరి కాల్చే పైలు అట్టపెట్టెల్లో సర్దేవాణ్ణి. వీధులకన్నీ స్కాట్లాండు నదుల పేర్లుండే ఆ ఊళ్ళో, జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన కారులో, తెలంగాణవాళ్ళం ఇద్దరం తిరుగుతూ ఉండేవాళ్ళం. కారు స్టార్ట్ చేయగానే ఒక జపాన్ అమ్మాయి గొంతు ఏదో మర్యాదగా చెప్పేది. ఏం చెప్పేదో మాకు ఇప్పటికీ తెలియదు. జాగ్రత్త అనే అయ్యుంటుంది.

డ్రైవింగ్ నా ఒక్కడికే వచ్చు. ఆమె షిఫ్టు నా షిఫ్టు కంటే ముందే అయిపోయేది. నేను వచ్చేదాకా ఆమె రెస్ట్ హోమ్ గాజు తలుపు దగ్గర కోటు వేసుకుని నిలబడేది. ఆ తలుపు దగ్గరే కొందరు ముసలివాళ్ళు కూడా, రాని కొడుకుల కోసం, కూతుళ్ళ కోసం కూర్చుని ఉండేవారు. అందులో ఒకామె రోజూ మా ఆవిడను జాలిగా అడిగేదట, "నిన్ను కూడా ఎవరూ తీసుకుపోవడానికి రాలేదా, డియర్?" అని. ఈ మాట నాకు చెప్పి నవ్వేది. కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది. నవ్వడం అంతకుముందే మానేసింది.

అప్పుడే ఆమెకు ఇంకో పని దొరికే వీలు కలిగింది. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు స్నానం చేయించి, మందులిచ్చి వచ్చే పని. వేళలు ఆమె చేతిలోనే ఉంటాయి, ఎవరికోసమూ తలుపు దగ్గర నిలబడనక్కరలేదు. ఒక్కటే షరతు: సొంతంగా కారు నడపాలి. మేనేజరు మంచిమనిషి. "నీ డ్రైవింగ్ టెస్టు అయ్యేదాకా చోటు నీకోసం ఉంచుతాను. తప్పితే మాత్రం ఇంకొకరికి ఇవ్వక తప్పదు" అంది. ఆమె టెస్టు బుక్ చేసుకుంది. తప్పితే మళ్ళీ తేదీ ఎప్పటికి దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ కార్లకు వారంట్ ఉండాలి. మన దగ్గర వారంట్ వస్తే మనిషి పారిపోతాడు, ఇక్కడ అది లేకపోతే బండి కదలకూడదు. కారు ఆరోగ్యంగా ఉందని తనిఖీ చేసి అద్దానికి అంటించే చీటీ అది. సరిగ్గా ఆ సమయంలోనే మా చీటీ గడువు తీరింది. తనిఖీ మనిషి కారు కింద దూరి, బయటికొచ్చి, పవర్ స్టీరింగ్ పంపు పాతబడి కారుతోందని, చక్రం తిప్పితే ఏడుస్తోందని చెప్పాడు. చక్రాన్ని తేలిగ్గా తిప్పనిచ్చేది ఆ పంపే. చీటీ లేని కారులో టెస్టు పెట్టరు. ఊళ్ళో రిపేరు గ్యారేజీలను అడిగితే అందరూ టెస్టు తర్వాతి తేదీలే చెప్పారు.

"గ్యారేజోళ్ళెందుకు? నేను లేనా?" అన్నాను.

మా ఆవిడ గ్యారేజీ మూల వైపు ఒకసారి చూసింది. "జర ఆలోచించు. ఇది మిక్సీ కాదు" అంది.

పాత కార్లు విప్పి భాగాలమ్మే యార్డు ఊరి చివర ఉంది. ఆ యార్డు మనిషి గడ్డం నిండా గ్రీజుతో, చలిలో కూడా నిక్కరుతో ఉండేవాడు. మా కారుకు సరిపోయే పంపు ఒకటి తీసి ఇచ్చి, "పాత ఆయిల్ పారబోసి కొత్తది పొయ్యి, మేట్" అన్నాడు. మేట్ అంటే ఇక్కడ దోస్తు అని. సరేనన్నాను. కొత్త ఆయిల్ సీసా కూడా ఒకటి కొన్నాను.

ఆదివారం పనికి దిగాను. బెల్టు వదులు చేసి, పైపులు ఊడదీసి, పాత పంపు తీసి కొత్తది బిగించాను. ఈసారి ఎవరూ నీళ్ళకు పంపలేదు కాబట్టి మధ్య భాగం కూడా నేనే చేశాను. అంతా బాగానే జరిగింది, కొత్త ఆయిల్ సీసాను మోచేత్తో పడగొట్టేదాకా. సగం పైగా గచ్చు తాగింది. మిగిలింది చాలదు. ఆదివారం సాయంత్రం ఆ ఊళ్ళో దుకాణాలన్నీ మూసేస్తారు.

పాత ఆయిల్ ఒక గిన్నెలో ఉంది. పైపులు ఊడదీసినప్పుడు పట్టింది. కాస్త నల్లబడి, అడుగున నలకలతో ఉంది గాని, నూనె నూనే కదా. మా ఇళ్ళల్లో గారెలు వేయించిన నూనె ఎవరు పారబోస్తారు? వడగట్టి పెట్టుకుని తాలింపులకు వాడతారు. మా అమ్మ ఆ నూనెను ఇంకో పండగకు కూడా వాడేది. అలా పెరిగినవాణ్ణి, గిన్నెడు నూనె పారబోయడానికి చెయ్యి రాలేదు. వడగడితే సరిపోతుంది అనుకున్నాను.

వడగట్టడానికి గుడ్డ కావాలి. మా ఆవిడ దగ్గర ఒక వడగుడ్డ ఉంది. వాళ్ళ నాన్న పంచె చింపి ఆమె ఇండియా నుంచి తెచ్చుకున్నది, ఉల్లిపొరలా పల్చనిది. పెరుగు కట్టడానికి, చింతపండు పులుసు వడగట్టడానికి. దాన్ని నేను ముట్టుకోకూడదు. ఒకసారి దాంతో కారు అద్దం తుడిచాను. ఆ తర్వాత అది ఎక్కడ దాస్తుందో నాకు తెలియకుండా చూసుకుంది. అందుకని గ్యారేజీలో వేలాడుతున్న స్నానపు తువ్వాలు తీసుకున్నాను. తెల్లటిది, మెత్తగా, గొర్రెపిల్లలాగ బొచ్చు బొచ్చుగా ఉంటుంది. మడత వేసి, దాంట్లోంచి పాత ఆయిల్ వడగట్టి, మిగిలిన కొత్త ఆయిల్‌లో కలిపి డబ్బాలో పోశాను. డబ్బా అంటే పంపుకు ఆయిల్ అందించే చిన్న ప్లాస్టిక్ డబ్బా. అడుగున నలకలను ఆపే సన్నటి జాలీ ఒకటి ఉంటుంది. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

మరునాడు తనిఖీకి తీసుకుపోయాను. కారడం ఆగిపోయింది. చక్రం తిప్పితే కొంచెం మూలిగింది గాని, తనిఖీ మనిషి, "పైపుల్లో గాలి ఉండి ఉంటుంది, పోతుంది" అని చీటీ అంటించాడు. చీటీ చూపిస్తూ ఇంట్లోకి వచ్చాను. మా ఆవిడ మొదటిసారి నా వైపు మెకానిక్‌ను చూసినట్టు చూసింది. ఆ చూపు వారం కూడా నిలవలేదు.

మూలుగు పోలేదు. రోజురోజుకూ పెరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే కుయ్ మనేది, మలుపు తిప్పితే పెద్దగా ఏడ్చేది. మెల్లగా నడిపేటప్పుడు చక్రం బిగుసుకుపోయేది. మా ఆవిడ ప్రాక్టీసు ఆ కారులోనే. సాయంత్రాలు సూపర్‌మార్కెట్ వెనక ఖాళీ పార్కింగ్‌లో, నేను పక్కన కూర్చుంటే, ఆమె రెండు చేతులతో, భుజాలతో, కొన్నిసార్లు పళ్ళు బిగించి కూడా చక్రం తిప్పేది.

"మన లారీ స్టీరింగ్ కూడ గింత బిగువు లేదు" అన్నాను ఒకరోజు.

"మరి లారీల్నే తోల్కపో నన్ను" అంది.

ఆ రోజు పార్కింగ్ పక్క వీధిలో, ఆగి ఉన్న రెండు కార్ల మధ్య వెనక్కి పెట్టడం నేర్చుకుంటోంది. చక్రం సగంలో ఆగిపోయింది. కారు అడ్డంగా నిలిచింది. వెనకొక కారువాడు హారన్ కొట్టకుండా ఓపికగా ఆగాడు. హారన్ కొట్టి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు. కారు ఆపి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"టెస్టుల గిట్లనే ఆగితే?" అంది.

నేను జోకు కోసం వెతికాను. దొరకలేదు.

"గాలి ఉంటది పైపులల్ల. తీస్త" అన్నాను.

ఆ శనివారం గాలి తీశాం. జాకీతో ముందు చక్రాలు లేపి, ఇంజన్ ఆపి, ఆమె సీట్లో కూర్చుని చక్రాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పుతూ ఉంటే నేను డబ్బాలోకి టార్చి వేసి బుడగలు చూస్తూ కూర్చున్నాను. బుడగలు వచ్చాయి. పోయాయి. ఇంజన్ స్టార్ట్ చేస్తే డబ్బాలో ఆయిల్ పాలు పొంగినట్టు నురగ కట్టి, మళ్ళీ అదే ఏడుపు. బెల్టు బిగించాను. ఏడుపు కొంచెం శ్రుతి మారింది. వదులు చేశాను. పాత శ్రుతికి వచ్చింది. ఇక తప్పు పంపుదేనని తేల్చేశాను. నాది కాదని అంతకుముందే తేల్చేశాను కాబట్టి మిగిలింది అదొక్కటే.

యార్డుకు పోయి నిక్కరాయనతో, "నువ్విచ్చిన పంపు చచ్చింది" అన్నాను. ఆయన వాదించలేదు. ఇంకో పంపు తీసి చేతిలో పెట్టి, "ఇది కూడా ఏడిస్తే పంపు గురించి కాదు, దానికంటే ముందు ఏముందో చూడు, మేట్" అన్నాడు. ఆ మాట విన్నాను. ఇంగ్లిషు అర్థమైంది. సంగతి అర్థం కాలేదు.

మరునాడు, ఆదివారం, యార్డు ఇచ్చిన రెండో పంపు బిగించాను. ఆయిల్ మళ్ళీ గిన్నెలోకి దింపి మళ్ళీ వడగట్టాను. ఈసారి ఇంకా జాగ్రత్తగా ఉండాలని అదే తువ్వాలును రెండు మడతలు వేశాను. స్టార్ట్ చేశాను. మొదటి పంపు మూలిగితే ఇది ఊళేసింది.

మా పక్కింట్లో ఒక ఫీజీ ఆంటీ ఉండేది. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటలకని ఓడెక్కిన తెలుగువాళ్ళు. ఆమె తెలుగు వాళ్ళ నాయనమ్మ దగ్గర ఆగిపోయిన తెలుగు, మధ్య మధ్య ఫీజీ హిందీ. ఊళేసే శబ్దానికి కంచె మీదినుంచి తొంగి చూసింది.

"ఏమిరా బాబూ, మీ కారు పొద్దుటినుంచి ఏడుస్తా ఉంది. ఎవరు కొట్టినారు?"

"పంపు మార్చిన ఆంటీ. పాతదీ ఏడ్చింది, కొత్తదీ ఏడ్చింది. ఇది మూడోది, ఇది ఇంకా ఎక్కువ ఏడుస్తుంది."

ఆంటీకి కార్ల గురించి ఏమీ తెలియదు. ఎక్కడానికి తలుపెటువైపుందో తెలిస్తే చాలు ఆమెకు. కంచె మీద మోచేతులు పెట్టి కాసేపు విన్నది.

"అరే బాబూ," అంది, "ముగ్గురు కోడళ్ళూ ఒకే ఏడుపు ఏడిస్తే కోడళ్ళను మార్చి ఏం లాభం? అత్తను చూడాల."

నేను నవ్వాను. వంటింటి కిటికీలోంచి వింటున్న మా ఆవిడ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ చుట్టూ తిరిగి గ్యారేజీలోకి వచ్చింది. ఇంజన్ ఆపమంది. డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

"దీంట్ల ఏం బోసినవ్?"

"ఆయిలే."

"కొత్తదా?"

"కొత్తదే. కొంచెం పాతది గూడ. వడగట్టిన లే, నలకలేం లేవు."

"దేన్తోటి వడగట్టినవ్?"

నేను మేకుకు వేలాడుతున్న తువ్వాలు చూపించాను. అప్పటికి అది బీట్‌రూట్ తుడిచినట్టు ఎర్రగా ఉంది, ఎందుకంటే ఆ ఆయిల్ రంగే ఎరుపు. ఆమె దాన్ని తీసి, రెండు వేళ్ళతో నలిపి చూసింది. వేళ్ళకు నూగు అంటుకుంది. కొత్తప్పుడు గొర్రెపిల్లలా ఉన్న తువ్వాలు ఇప్పుడు బొచ్చు కత్తిరించిన గొర్రెలా ఉంది. ఆ బొచ్చంతా ఎక్కడికి పోయిందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. గొర్రెల దేశంలో ఉండి.

"ఈ డబ్బా ఊడదీయ్" అంది.

ఊడదీశాను. ఆయిల్ వంచేసి వెలుతురుకు పట్టుకుంది. అడుగున ఉన్న జాలీ కనిపించలేదు. దాని మీద ఎర్రటి నూగు మందంగా, తడిసిన అట్టలాగ పేరుకుని ఉంది. పాత పంపు నిజంగానే పాతబడి ఏడ్చింది. తర్వాతి రెండూ మంచివే. వాటికి ఆయిల్ అందక, గాలి మింగి, ఆకలికి ఏడ్చాయి.

"టీ వడపోతల పొడి అడ్డం పడితే కప్పుల టీ దిగుతదా?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. పాత టూత్‌బ్రష్ ఒకటి తెచ్చింది. నేను బ్రేకులు కడిగే స్ప్రే కొట్టాను, ఆమె జాలీ తోమింది. నూగు పీచులు పీచులుగా వచ్చింది. చివరికి జాలీ అవతల ఆమె వేలు కనిపించింది. డబ్బాను, పైపులను కడిగి, సోమవారం దుకాణం తెరవగానే కొత్త ఆయిల్ కొని, సీసా నా చేతికివ్వకుండా ఆమే పోసింది.

స్టార్ట్ చేస్తే జపాన్ అమ్మాయి మాట వినిపించింది. చాలా రోజుల తర్వాత అదొక్కటే వినిపించింది. ఒక వేలితో చక్రం తిరిగింది.

అందరూ సంతోషించాల్సిన చోట కొత్త చిక్కు వచ్చింది. ఆమె నేర్చుకున్నదంతా బిగుసుకుపోయిన చక్రం మీద. ఇప్పుడు అలవాటు కొద్దీ భుజంతో తిప్పితే కారు మూడింతలు తిరిగేది. పార్కింగ్‌లో ఒకసారి ట్రాలీల వరుస వైపు, ఇంకోసారి గడ్డి మీదికి. టెస్టు ఎల్లుండి.

"బలం తగ్గించు" అన్నాను.

"ఇన్ని దినాలు ఎవరు పెంచిన్రు?" అంది. అని, మళ్ళీ మొదటికి పోయి, మెల్లగా, చేతివేళ్ళతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ వేసవి దగ్గర పడితే వెలుతురు తొందరగా పోదు. ఆ రెండు సాయంత్రాలూ వెలుతురున్నంతసేపూ ఆ ఖాళీ పార్కింగ్‌లోనే తిరిగాం. నేను మాట్లాడితే దింపేస్తానంది కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు. ఇది నా జీవితంలో ఒక రికార్డు.

టెస్టు రోజు పొద్దున ఆంటీ రెండు నిమ్మకాయలు తెచ్చి ముందు చక్రాల కింద పెట్టింది. సూపర్‌మార్కెట్ స్టిక్కరు కూడా తీయలేదు. "పైన ఉండే ఆయనకు స్టిక్కరుతో పనేముంది" అంది. మా ఆవిడ నిమ్మకాయల మీదుగా కారును ఎంత మెత్తగా పోనిచ్చిందంటే, ఒకటి చితికింది, రెండోది దొర్లి పక్కకు పోయింది. దాన్ని నేను తీసి జేబులో వేసుకున్నాను. మంచి నిమ్మకాయ.

టెస్టు ఆఫీసు ముందు ఎగ్జామినరు నా సీట్లో కూర్చున్నాడు. నేను దిగాను. కారు మూల తిరిగేదాకా చూశాను. ఏడుపు ఏమైనా వినిపిస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. గాలి తప్ప ఏమీ వినిపించలేదు. ఆఫీసు గాజు తలుపు దగ్గర కోటు బొత్తాలు పెట్టుకుని నిలబడ్డాను. లోపల కూర్చున్న ఒక ముసలాయన తలుపు తీసి, "ఎవరికోసమైనా ఎదురు చూస్తున్నావా, మేట్? లోపలికి రా" అన్నాడు. పర్లేదన్నాను. ఆ గాలిలో అంతసేపు నిలబడటం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. పాదాలు మొదట పోతాయి. తర్వాత వచ్చే ప్రతి తెల్ల కారూ మనదే అనిపిస్తుంది.

చివరికి మనదే వచ్చింది. మెల్లగా వచ్చి, రెండు కార్ల మధ్య వెనక్కి తిరిగి, ఒక్కసారికే సరిగ్గా ఆగింది. ఎగ్జామినరు దిగుతూ ఏదో అని ఆమెతో చేయి కలిపాడు. ఆమె ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. నేను దగ్గరికి పోయాక కాగితం చూపించింది. పాసు. అక్కడే నిలబడి మేనేజరుకు ఫోన్ చేసింది. "సోమవారం నుంచి" అని మాత్రం వినిపించింది నాకు.

పాసైన చీటీతో పక్కన మనిషి లేకుండా నడపొచ్చు. అయినా నన్ను ఎక్కించుకుంది. ఇంటికి ఆమే నడిపింది. నేను పక్క సీట్లో, కాళ్ళ మీద వేడిగాలి పెట్టుకుని కూర్చున్నాను. అంత దాకా నోరు కట్టుకున్నవాణ్ణి కదా, ఇక ఆగలేకపోయాను.

"చూడు, పైల్వాన్లు బరువులెత్తి ప్రాక్టీసు జేస్తరు. తర్వాత ఉత్త చేతులు గాల్లె తేల్తయి. నేను గా చక్రం బరువు జేసింది అందుకే. ఊకె కాదు. నీ పాసుల సగం నాది."

ముందు రౌండబౌట్ వచ్చింది. ఆమె ఆగింది. కుడివైపు చూసింది. ఒక పాల ట్యాంకరు పోయేదాకా ఓపిక పట్టింది. చక్రాన్ని వేళ్ళతో తిప్పి, మలుపు దాటి, చక్రం దానంతటది నిటారయ్యాక అంది:

"ఆ మాట గూడ ఒకసారి వడగట్టు. ఈసారి మంచి గుడ్డ నేనిస్త."